షోలవరం ఫియట్ విజయనగరంలో మళ్లీ రోడ్డెక్కిన వైనం

పాత కారు బాగుచేయిస్తున్నానని చెబితే చాలు, ఎవరైనా ఒకటే మాట అంటారు: "కొత్తదానిలా చేయించేయండి." మా బండికి సరిగ్గా అదే చేయకూడదు. అది మా మేనమామ 1970ల మొదట్లో మద్రాసులో ఉద్యోగం చేస్తూ షోలవరం రేసుల్లో నడిపిన ఫియట్ 1100 డిలైట్. రేసు కోసం ఆయన పెట్టిన ప్రతి చిల్లూ, కోసిన ప్రతి స్ప్రింగూ ఫ్యాక్టరీ లెక్కలో లోపమే. ఆ లోపాలన్నీ సరిచేస్తే ఊళ్లో ఇంకో పాత ఫియట్ మిగులుతుంది, అంతే. ఏది బాగుచేయాలి, దేని మీద చెయ్యి వేయకూడదు అన్నది తేల్చుకోవడమే మాకు అసలు పని అయింది.

ఈ మోడల్ తెలియనివాళ్లు ఉండరు. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు 1964 నుంచి చేసిన డిలైటే తర్వాత ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, 1974 నుంచి పద్మిని అయింది. 1089 సీసీ ఇంజన్, స్టీరింగ్ పక్కన గేర్ రాడ్డు, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. అంతకు ముందు వచ్చిన మోడల్‌కి ముందు తలుపులు వెనక్కి తెరుచుకునేవి, దీనికి మామూలుగానే ఉంటాయి. మన వైపు డాక్టర్లు, వకీళ్లు, రైసు మిల్లుల వాళ్లు తిప్పిన బండి.

అలాంటి ఇంటి బండితో రేసేమిటి అని ఇప్పటి పిల్లలు అడుగుతుంటారు. సెలూన్ కార్ల రేసు అందమే అది. పైన కప్పు, వెనక సీటు, డిక్కీ ఉన్న మామూలు కారుతోనే పోటీ. బ్రిటన్‌లో 1958లో ఈ కార్లకంటూ చాంపియన్‌షిప్ పెట్టారు. 1963లో ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్ అయిన జిమ్ క్లార్క్, మరుసటి ఏడాది లోటస్ కార్టినాలో ఈ సెలూన్ టైటిల్ కూడా గెలిచాడు. అదే 1964లో మినీ కూపర్ మాంటే కార్లో ర్యాలీ కొట్టింది. ఇవన్నీ మా మావయ్య మద్రాసు కన్నెమరా లైబ్రరీలో, మూర్ మార్కెట్ పాత పుస్తకాల కొట్లలో చదువుకున్నవే. మలుపులో కార్టినా లోపలి ముందు చక్రం నేల వదిలి గాల్లోకి లేచిన ఫొటో ఒకటి ఆయన డైరీలో ఇప్పటికీ ఉంది. "జిమ్ క్లార్క్ అంతటివాడు ఇంటి బండి తోలడానికి నామోషీ పడలేదురా" అంటారు.

షోలవరం మద్రాసుకి ఉత్తరాన, కలకత్తా రోడ్డు పక్కన ఉంది. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే. 1953లో మొదలైన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆ కాంక్రీటు మీదే రేసులు జరిపించేది. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో సొంత ట్రాక్ వచ్చేదాకా దక్షిణాదిలో రేసంటే షోలవరమే. ఫిబ్రవరి వచ్చిందంటే జనం విరగబడేవారట. తర్వాత మన దేశంలో రేసు కార్లు తయారుచేసి పేరు తెచ్చుకున్న కోయంబత్తూరు కరివర్ధన్ కూడా అక్కడ తిరిగినవాడే.

"రన్‌వే అంటే తిన్నగా ఉంటాది కదా, యాక్సిలేటర్ తొక్కితే చాలు అనుకునీవాళ్లు జనం. చివర్న మలుపుండీది. అక్కడ బండిని ఆపడంలోనే ఉండీది అంతా" అన్నారు మావయ్య. డ్రమ్ బ్రేకులు వేడెక్కితే పట్టు వదిలేస్తాయి. రెండు మూడు రౌండ్లయ్యేసరికి పెడల్ తొక్కినా బండి ఆగదు. అందుకే ఆయన ముందు చక్రాల వెనక రేకులకు గాలి ఆడేలా చిల్లులు పెట్టారు. ఆ చిల్లులే మాకు మొదట కనిపించిన ఆనవాలు.

ఇంకో మాట కూడా అన్నారు: "అది మన రోడ్డే కదరా. అలా తిన్నగా వచ్చీస్తే శ్రీకాకుళం." నిజమే, అప్పటి ఐదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు పదహారు. ఉద్యోగం మానేసి వచ్చేటప్పుడు ఆయన ఆ కారులోనే సామానేసుకుని అదే రోడ్డు మీద ఇంటికొచ్చారు. కొన్నేళ్లు తిప్పారు. తర్వాత చీపురుపల్లి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో గొడ్లసావిడిలో పెట్టారు. ఇంక అది అక్కడే ఉండిపోయింది.

సావిడి నుంచి బయటికి తీసేటప్పుడు వరిగడ్డి, పిడకలు, ఎలుక గూళ్లు అన్నీ దానితోపాటే వచ్చాయి. వైరింగు ఎలుకలు కొట్టేశాయి. ఫ్లోరు రేకు డ్రైవరు కాళ్ల దగ్గర తుప్పు పట్టి జల్లెడైపోయింది. కప్పు, తలుపులు, చాసిస్ మెంబర్లు మాత్రం గట్టిగా ఉన్నాయి. తీరానికి దూరంగా, ఉప్పుగాలి తగలని చోట ఉండడమే దాన్ని కాపాడిందని నా నమ్మకం. అదే బండి భీమిలిలోనో కళింగపట్నంలోనో ఉండి ఉంటే మాకు ఇంజన్ నంబరు తప్ప ఏమీ మిగిలేది కాదు.

చిన్న లారీ మీద ఎక్కించి విజయనగరం రింగురోడ్డు వైపున్న ఒక షెడ్డుకి తెచ్చాం. అక్కడి మేస్త్రీ డెబ్బై దాటిన మనిషి, ఫియట్ల మీదే చేయి తిరిగినవాడు. చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "బాబూ, ముందు దీన్ని కడిగీకండి" అన్నాడు. ఎవరైనా ముందు కడిగేస్తారు. కడిగితే ఆయిలు కారిన జాడలూ, పెన్సిల్ గీతలూ, పెయింటుతో వేసిన గుర్తులూ పోతాయి. అందుకని ఉన్నదున్నట్టు ఫొటోలు తీశాం. విప్పిన ప్రతి నట్టూ బోల్టూ డబ్బాల్లో వేసి పేర్లు రాసిపెట్టాం. ఆ ఫొటోలు లేకపోతే, ఇంజన్‌కి గాలీ పెట్రోలూ కలిపి పంపే కార్బురేటర్లు మావయ్య రెండు పెట్టించారు, వాటిని కలిపే లింకేజీ ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలిసేది కాదు.

రేసు ఆనవాళ్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. బ్యాటరీ బానెట్ కింద కాకుండా డిక్కీలో కుడివైపు ఉంది, ముందు బరువు తగ్గించడానికి. ముందు కాయిల్ స్ప్రింగులు ఒక చుట్టు తక్కువ. వెనక తలుపుల్లో అద్దం ఎక్కించే మెకానిజమే లేదు. ముందు సీట్ల వెనక ఫ్లోరులో నాలుగు చోట్ల బోల్టు చిల్లులు, బండి పల్టీ కొడితే మనిషిని కాపాడే రోల్‌బార్ బిగించినవి. డాష్‌బోర్డు కింద ఇంజన్ చుట్లు చూపే మీటరు బ్రాకెట్ ఉంది, మీటరు లేదు.

ఇంజన్ పూర్తిగా పట్టేసి ఉంది. ఇలాంటప్పుడు స్టార్టర్ కొట్టడం, బండిని తోయించడం పెద్ద ప్రమాదం, పిస్టన్ రింగులు విరిగి సిలిండర్ గీసుకుపోతుంది. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో డీజిలూ ఇంజన్ ఆయిలూ కలిపి పోసి వదిలేశాం. మధ్య మధ్యలో మళ్లీ పోశాం. తర్వాత టాప్ గేర్లో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో పట్టుకుని కొద్దికొద్దిగా ముందుకీ వెనక్కీ ఊపుతూ పోయాడు మేస్త్రీ. బలమంతా పెట్టకూడదంటాడు. ఒకరోజు మధ్యాహ్నం ఫ్యాన్ బ్లేడు వెంట్రుకవాసి కదిలింది. మేస్త్రీ ఏమీ అనలేదు, బీడీ వెలిగించుకుని మావయ్యకి ఫోన్ చేయమన్నాడు.

సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్డు విప్పాక అసలు సంగతి తెలిసింది. అల్యూమినియం హెడ్డు. దాన్ని ఆ రోజుల్లోనే గీయించి పల్చన చేశారు, లోపలి దారులు నున్నగా పాలిష్ పట్టించారు. ఎంత గీశారో తెలియకుండా ముందుకెళ్లలేం. జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబు నుంచి బ్యూరెట్ అడిగి తెచ్చాను. హెడ్డు తిరగేసి, వాల్వులు బిగించి, చిల్లు పెట్టిన అద్దం పలక గ్రీజుతో అతికించి, ఆ చిల్లులోంచి బ్యూరెట్‌తో కిరసనాయిలు చుక్కచుక్కగా వదిలాం. పెట్రోలు మండే ఆ గది నిండేసరికి ఎంత పట్టిందో అదే దాని ఘనపరిమాణం. నాలుగు గదులూ దాదాపు సమానంగా వచ్చాయి. యాభై ఏళ్ల కిందట ఇది చేత్తో అరగదీసిన మనిషి పనితనం చూసి మేస్త్రీ హెడ్డుకి దణ్ణం పెట్టాడు.

లెక్క ఇలా వేశాం. 1089ని నాలుగుతో భాగిస్తే ఒక్కో సిలిండర్ 272 సీసీ. పైన గది, హెడ్డు కింద వేసే గాస్కెట్ మందం కలిపి 34 సీసీ. మొత్తం 306ని 34తో భాగిస్తే 9. అంటే గాలీ పెట్రోలూ తొమ్మిదో వంతుకి నొక్కుకుపోతాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండిలో ఇది ఎనిమిదికి లోపే. కాగితం మీద తేడా చిన్నదే కానీ బండి దూకుడులో బాగా తెలుస్తుంది.

చిక్కేమిటంటే, నీళ్లు తిరిగే దారుల దగ్గర అల్యూమినియం తినేసింది. ఫియట్ హెడ్డులకు ఇది మామూలు జబ్బే. గాజువాక ఆటోనగర్లో ఆర్గాన్ వెల్డింగు చేయించాం. వెల్డింగు చేస్తే మళ్లీ ఉపరితలం గీయాలి. ఇప్పటికే గీసిన హెడ్డు ఇంకా పల్చనైతే ఒత్తిడి పెరిగిపోతుంది. "వేరే హెడ్డు పడేయండి, పద్మిని హెడ్డులు దొరుకుతాయి" అని చాలామంది చెప్పారు. దొరుకుతాయి, నిజమే. కానీ మావయ్య చేయి పడిన హెడ్డు తీసేశాక ఆ ఇంజన్‌లో ఆయన రేసు ఎక్కడుంటుంది? రాగి రేకుతో మందంగా గాస్కెట్ కోయించి, పోయిన ఎత్తుని దాంతో పూడ్చాం. మళ్లీ కొలిస్తే 34 దగ్గరకే వచ్చింది.

ఇప్పటి పెట్రోలు సంగతీ చూసుకోవాల్సి వచ్చింది. ఆయన నడిపిన రోజుల్లో పెట్రోలులో సీసం కలిపేవారు, 2000లో దేశమంతటా ఆపేశారు. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు గొట్టాలు దానికి ఉబ్బి, మెత్తబడి, పొట్టు రాలి కార్బురేటర్ జెట్లలో ఇరుక్కుంటాయి. పాత బండి ఉన్నవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే. గొట్టాలన్నీ, పెట్రోలు పంపు డయాఫ్రమ్ సహా, ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించుకోండి. బండిని చాలాకాలం నిలిపేసే ముందు ట్యాంకు ఖాళీ చేయండి.

సామాన్ల వేట గురించి ఎక్కువ చెప్పను. విజయవాడ ఆటోనగర్, మద్రాసు పుదుపేట, ఫోన్లలో ఫొటోలు, మోసపోకుండా చూసుకోవడం, ఇవన్నీ పాత బండ్లవాళ్లందరికీ ఉన్నవే. ఒక్కటి మాత్రం చెప్పాలి. రెండు కార్బురేటర్లనీ కలిపే రాడ్డుకి ఇత్తడి బుష్షులు అరిగిపోయాయి. అవి ఫ్యాక్టరీవి కావు, మావయ్య చేయించుకున్నవి, కాబట్టి ఎక్కడా దొరకవు. శ్రీకాకుళం జిల్లా బుడితి కంచు, ఇత్తడి పనికి పేరున్న ఊరు. బిందెలూ గంటలూ పోసే చేతులతో మాకు రెండు ఇత్తడి ముద్దలు పోసిచ్చారు. వాటిని విజయనగరంలో లేతు మీద తిప్పించి బుష్షులు చేయించాం. పోసిన ఆయన డబ్బులు తీసుకుంటూ, ఈ ముక్క ఎక్కడ తిరుగుతుందో వచ్చి చూస్తానన్నాడు. అన్నట్టే వచ్చి చూశాడు కూడా.

టింకరింగు దగ్గర చిన్న గొడవ పడ్డాం. ఫ్లోరు రేకు కోసి కొత్తది వెల్డింగు చేయడం తప్పదు. అతుకుల మీద మాత్రం లప్పం వద్దన్నాను. ఆ రోజుల్లో కార్ల అతుకుల మీద సీసం, తగరం కలిపి కరిగించి పూసేవారు. అది రేకుతో కలిసిపోయి దశాబ్దాలు నిలుస్తుంది. లప్పం ఎండకి పగుళ్లిస్తుంది. ఇత్తడి గిన్నెలకి కళాయి పూసిన అలవాటున్న ముసలాయన ఒకరు దొరికారు. రేకుని వేడి చేసి, నవాసారం చల్లి, తగరం పూత పట్టించాకే సీసం పని ముట్టుకున్నాడు. సీసం ఆవిరి మంచిది కాదని మాస్కులు పెట్టుకుని ఆరుబయట చేశాం. బ్రేకు షూల దగ్గరా అంతే, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. గాలి కొట్టి దుమ్ము లేపకుండా తడిపి తుడిచాం.

పెయింటు కోసం ఎడమ తలుపుని నీళ్లతో వాటర్ పేపర్ పెట్టి రుద్దుతున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. పైన ముదురు నీలం, ఇంటికొచ్చాక వేయించినది. దాని కింద ప్రైమర్. ఇంకొంచెం రుద్దితే లేత గోధుమ రంగు, అది అసలు రంగు. ఒకచోట ఆ రంగు బదులు తెలుపు తేలింది. కుర్రాడు ఆపకుండా రుద్దుతుంటే తెలుపు అంచు వంకరగా తిరిగింది. ఆపమన్నాను. వేలితో నీళ్లు తుడిచి చూస్తే గుండ్రటి తెల్లటి మచ్చ, దాని లోపల నల్లటి గీత, బ్రష్షుతో వేసినది. రేసు నంబరు. పెయింటు పొరల మధ్య ఇన్నేళ్లూ భద్రంగా ఉంది.

ఆటోలో మావయ్యని తీసుకొచ్చాం. ఆయన చాలాసేపు చూశారు. "షోలవరంలో పొద్దున్నే, రేసుకి ముందు బండ్లు చూసీ స్క్రూటినీకి ముందు నేనే వేసినాన్రా. ఏడు అంకె తోక సరిగ్గా రాలేదు. దాన్ని తుడిచీకండి" అన్నారు. ఆ తలుపుకి కొత్త పెయింటు వేయలేదు. మిగతా బండంతా లేత గోధుమ రంగు ఎన్‌సీ పెయింటే వేయించాం. ఎడమ ముందు తలుపు మాత్రం ఉన్న మచ్చలతోనే, పొరలు పొరలుగా కనిపించేట్టు, పైన క్లియర్ కోటు కొట్టి వదిలేశాం. షెడ్డుకి వచ్చినవాళ్లందరూ పని సగంలో ఆగిందనుకుంటారు. అనుకోనివ్వండి.

కాగితాల దగ్గర రెండు దారులున్నాయి. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు వేరే పద్ధతి తెచ్చింది. 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండికి రాష్ట్రం అక్షరాల తర్వాత "వీఏ" అని వచ్చే నంబరు ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు, రెన్యువల్‌కి 5,000. కానీ ఆ నంబరుతో రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనలకో, ర్యాలీలకో, పెట్రోలుకో, మరమ్మతుకో మాత్రమే తీయాలి. రెండోది మామూలు దారి, పాత ఆర్‌సీనే ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవడం. నేను వీఏ నంబరు వైపే మొగ్గాను, గౌరవంగా ఉంటుంది కదా అని. మావయ్య ఒప్పుకోలేదు. "దీనిలో మీ అత్తని కూర్చోబెట్టుకుని మూడు లాంతర్ల దగ్గరికి కూరగాయలకి వెళ్లకపోతే అది సెలూన్ కారెలాగవుతాది?" అన్నారు. దాని మీద నేను చెప్పగలిగిందేమీ లేదు. బాకీ పడ్డ పన్నులు, ఆలస్యం ఫీజులు, గ్రీన్ ట్యాక్స్ అన్నీ కట్టి, ఫిట్‌నెస్‌కి తీసుకెళ్లి మామూలు రెన్యువలే చేయించాం. చాలా టెన్షన్ పడ్డాం కానీ బ్రేకులూ లైట్లూ ఒక్క వంకా లేకుండా పాసయ్యాయి.

ఇంజన్ నడుస్తున్నాక రెండు కార్బురేటర్లూ సమానంగా గాలి పీల్చేలా కుదర్చాలి. అలా కుదరకపోతే ఐడిలింగులో బండి వణికిపోతుంది. దీనికి మీటర్లున్నాయి. మావయ్యకి మాత్రం రబ్బరు గొట్టమే కావాలి. ఒక చివర చెవిలో, ఇంకో చివర కార్బురేటర్ నోటి దగ్గర. మాట సరిగ్గా వినిపించదని ఇంట్లో అందరం గట్టిగా అరుస్తాం ఆయనతో. అలాంటి మనిషి ఆ గొట్టంలోంచి రెండు "స్‌స్‌స్" చప్పుళ్ల మధ్య తేడా పట్టుకుని, "వెనకది పావు తిప్పు... చాలు, వెనక్కి రా" అంటూ మేస్త్రీ చేత స్క్రూలు తిప్పించారు. తర్వాత మీటరు పెట్టి చూశాను. ముల్లు రెండింటికీ ఒకేచోట నిలబడింది.

నాతవలస దాకా వెళ్లి, అక్కడ హైవే ఎక్కి రణస్థలం వైపు కొంత దూరం నడిపాం. మావయ్య స్టీరింగు ముందు, మేస్త్రీ వెనక సీట్లో, నేను పక్కన. మూడో గేర్లో ఇంజన్ ఒక హద్దు దాటాక గొంతు మారుతుంది. అప్పటిదాకా ఇంటి బండి, ఆ తర్వాత ఇంకేదో. మావయ్య ఒక్కసారే అలా నొక్కి, వెంటనే వదిలేసి, బ్రేకు పెడల్ మీద రెండుసార్లు తట్టి చూసుకున్నారు. రోడ్డు మీద రేసు లేదని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకా మిగిలిన పనులున్నాయి. ముందు స్ప్రింగులు కోసినవి కావడంతో స్పీడ్ బ్రేకర్ల దగ్గర సైలెన్సర్ తగులుతోంది. దాన్ని పైకి కట్టాలి గానీ స్ప్రింగులు మార్చేది లేదు. వెనక తలుపులకు అద్దాల మెకానిజం అత్తయ్య కోసం పెట్టిస్తున్నాం, పాత తలుపుకి కొత్త చిల్లు పడకుండా ఉన్న రంధ్రాల్లోనే కూర్చోవాలి. ఇంజన్ చుట్ల మీటరు పుదుపేటలో ఒకటి ఉందని కబురొచ్చింది, కేబులు పొడవు సరిపోతుందో లేదో మేస్త్రీ కొలిచి చెప్పాలి.